సొంత విమానం కట్టేవారికి: ఇంజను గదిలో సెగను ఎలా ఆపాలి

కట్టెల పొయ్యి ముందు కూర్చుంటే ముఖం కాగిపోతుంది, వీపు మాత్రం చల్లగానే ఉంటుంది. మధ్యలో ఒక పళ్ళెం అడ్డం పెట్టగానే ముఖానికి ప్రాణం లేచొస్తుంది. ఆ పళ్ళెం పొయ్యికి తగలకూడదు, మీ ముఖానికీ తగలకూడదు, రెండు పక్కలా గాలి ఆడాలి. ఇంజను గదిలో చేయాల్సిన పనిలో ముప్పాతిక వంతు ఇదే. రేకు మందం, దాని ధర, దాని బ్రాండు అన్నీ తర్వాతి మాటలు. రేకు వెనక గాలి సందు లేకపోతే ఏ రేకు వేసినా ఒకటే.

ముక్కు భాగంలో లైకమింగ్ ఓ-320 ఇంజను గానీ ఓ-360 గానీ, అల్యూమినియం బాడీ, ఫైబర్‌గ్లాస్ కౌలింగ్ (ఇంజనును కప్పే తొడుగు) ఉన్న రెండు సీట్ల విమానాన్ని లెక్కలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. కిట్‌గా కొని కట్టుకునే వ్యాన్స్ ఆర్‌వీ-7 లాంటిదన్నమాట. రోటాక్స్ 912 ఇంజను పెట్టుకునేవారికి మారే సంగతులు చివర్లో ఉన్నాయి. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే.

మొదలుపెట్టే ముందు ఒక తేడా మనసులో పెట్టుకోండి. ఇంజను తిరిగినంతసేపూ ఎగ్జాస్ట్ పైపు నుంచి వచ్చే సెగ వేరు, పెట్రోలు గొట్టం తెగి లేచే మంట వేరు. సెగ నెమ్మదిగా రబ్బరును ఎండగొడుతుంది, కౌలింగ్‌ను బొబ్బలెక్కిస్తుంది, పెట్రోలును ఆవిరి చేస్తుంది. మంట నిమిషాల్లో పని ముగిస్తుంది. కంపెనీల విమానాల ఫైర్‌వాల్‌కు (ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉండే గోడకు) అమెరికా నియమాలు పెట్టిన పరీక్ష ఏమిటంటే, సుమారు 1,093 డిగ్రీల మంటను 15 నిమిషాలు ఆపడం. స్వచ్ఛమైన అల్యూమినియం 660 దగ్గర కరుగుతుంది. విమానాల్లో వాడే మిశ్రమ లోహాలు అంతకంటే ముందే, 500 నుంచి 580 మధ్య, కరగడం మొదలుపెడతాయి. కాబట్టి అల్యూమినియం రేకు సెగకు చక్కని అడ్డు, మంటకు కాగితంతో సమానం. సొంతంగా కట్టుకున్న (అమెచ్యూర్-బిల్ట్ ఎక్స్‌పెరిమెంటల్) విమానానికి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా ఫైర్‌వాల్ విషయంలో అదే కొలబద్ద పెట్టుకోండి.

ముందు సెగ దారి చూడండి

ఇంజను బిగించి, ఎగ్జాస్ట్ పైపులు వేసి, గొట్టాలు, వైర్లు తాత్కాలికంగా కట్టిన తర్వాత, కౌలింగ్ ఎక్కించకముందే ఈ పని చేయాలి. స్కేలు, కాగితం పట్టుకుని పైపుల వెంట సిలిండరు దగ్గర నుంచి పైపు చివరి కొస దాకా నడవండి. పైపుకు కళ్ళున్నాయనుకోండి. దానికి నేరుగా కనిపించేదల్లా కాగుతుంది. 50 మి.మీ. లోపు ఉన్న ప్రతి వస్తువుకూ కవచం కావాలని రాసుకోండి. 50 నుంచి 100 మి.మీ. మధ్య ఉన్నవాటిలో రబ్బరు, ప్లాస్టిక్, పెట్రోలు, ఎలక్ట్రానిక్స్ ఉంటే వాటినీ ఆ జాబితాలో చేర్చండి. మామూలుగా తేలే పేర్లు ఇవి: కార్బురేటర్ గిన్నె, గాస్కొలేటర్ (పెట్రోలులోని నీటినీ మురికినీ పట్టే గిన్నె), ఇంజను మీది పెట్రోలు పంపు, దాని గొట్టాలు, ఆయిల్ కూలర్ గొట్టాలు, థ్రాటిల్, మిక్చర్ (పెట్రోలు-గాలి పాళ్ళు మార్చే) కేబుళ్ళు, ఇంజను మౌంటు రబ్బర్లు, స్టార్టర్ కేబుల్.

దూరం ఎంతన్నదానికంటే పైపు ఎంత వేడిగా ఉందన్నది పెద్ద ప్రశ్న. సెగ, కెల్విన్‌లో కొలిచిన ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. కాలి నల్లబడిన స్టీలు పైపు 500 డిగ్రీల దగ్గర చదరపు మీటరుకు సుమారు 16 కిలోవాట్ల సెగ చిమ్ముతుంది. అదే పైపు 650కి చేరితే 33 కిలోవాట్లు. నూట యాభై డిగ్రీలకే సెగ రెట్టింపైంది. ఎగ్జాస్ట్ వాయువు 700 నుంచి 800 డిగ్రీల మధ్య బయటికి వస్తుంది గనక, సిలిండరు దగ్గరి మొదటి అరడుగు, పైపులు కలిసే చోటు, మలుపుల బయటి వైపు అన్నిటికంటే ఘాటుగా ఉంటాయి. కొస దగ్గర 60 మి.మీ. దూరంలో ఏ ఇబ్బందీ పడని గొట్టం, సిలిండరు దగ్గర అదే దూరంలో పెళుసెక్కిపోతుంది.

పైపు కదులుతుందని కూడా మరవకండి. 600 మి.మీ. స్టెయిన్‌లెస్ పైపు 600 డిగ్రీలు వేడెక్కితే 6 మి.మీ. పైనే సాగుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఇంజను మొత్తం రబ్బర్ల మీద ఊగుతుంది, ఏళ్ళు గడిచే కొద్దీ ఆ రబ్బర్లు కుంగి ముక్కు కిందికి వాలుతుంది. చల్లటి పైపు మీద అక్కడక్కడా పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్దలు అంటించి, కౌలింగ్ బిగించి, మళ్ళీ విప్పండి. నొక్కుకుపోయిన ముద్దలో అగ్గిపుల్ల గుచ్చి మందం కొలవండి. 25 మి.మీ. కంటే తక్కువ వస్తే పైపును జరపాలి, లేదా కౌలింగ్‌ను ఉబ్బెత్తు చేయాలి. అక్కడ రేకు అంటించి సరిపెట్టుకోవడం తప్పు వైద్యం.

కొనాల్సినవి

కవచాలకు 0.4 నుంచి 0.5 మి.మీ. మందం 304 లేదా 321 రకం స్టెయిన్‌లెస్ రేకు, 600 × 600 మి.మీ. ముక్క ఒకటి చాలు. ఫైర్‌వాల్‌కు దుప్పటి వేయాలనుకుంటే 3 మి.మీ. సెరామిక్ ఫైబర్ కాగితం (ఫైబర్‌ఫ్రాక్స్ పేరుతో దొరికేది), దాని మీదికి 0.05 మి.మీ. స్టెయిన్‌లెస్ ఫాయిల్ తీసుకోండి. ఈ సైజు విమానం ఫైర్‌వాల్ ముక్కాలు చదరపు మీటరు లోపే ఉంటుంది, కోతలు పోను ఒక చదరపు మీటరు చొప్పున కొనండి. ఫైర్‌వాల్ సీలెంట్ ఒక ట్యూబు. గొట్టాల సైజుకు తగ్గ ఫైర్‌స్లీవ్ (గొట్టాలకు తొడిగే, మంట తట్టుకునే తొడుగు). కౌలింగ్ లోపలికి వెనక జిగురున్న అల్యూమినియం సెగ రేకు అర చదరపు మీటరు. కవచానికి రెండు చొప్పున స్టెయిన్‌లెస్ హోస్ క్లాంపులు. ఉష్ణోగ్రత దాటితే నల్లబడి అలాగే ఉండిపోయే స్టిక్కర్లు ఒక డజను.

క్లాంపులు కొనేటప్పుడు స్క్రూ కూడా స్టెయిన్‌లెస్సేనా అని చూడండి. చాలావాటికి పట్టీ ఒకటే స్టెయిన్‌లెస్, స్క్రూ పూత పూసిన మామూలు ఇనుము. అది త్వరగానే పట్టేస్తుంది. జింకు పూత ఉన్న రేకును, వాషర్లను ఎగ్జాస్ట్ దరిదాపులకు రానివ్వకండి. జింకు 420 దగ్గర కరిగి వేడి స్టెయిన్‌లెస్‌లోకి పాకుతుంది, అక్కడే పైపు పగులుతుంది. పైపు మీద గీతలు గీయడానికి పెన్సిలు కూడా పనికిరాదు. దాని కార్బన్ వేడికి లోహంలోకి ఇంకి, సరిగ్గా ఆ గీత వెంటే పగులు తెస్తుంది. ఫెల్ట్ పెన్నుతో గుర్తు పెట్టి, ఇంజను తిప్పే ముందు తుడిచేయండి. నైలాన్ లాక్‌నట్లు 120 డిగ్రీలకు మించి నమ్మదగినవి కావు, ఇంజను గదిలో పూర్తి లోహపు లాక్‌నట్లే వాడండి.

ఫైర్‌వాల్: ముందు బెజ్జాలు, తర్వాత దుప్పటి

కిట్‌తో వచ్చే స్టెయిన్‌లెస్ ఫైర్‌వాల్ దాదాపు 0.4 మి.మీ. మందం ఉంటుంది. సర్టిఫైడ్ విమానాలకు నియమాలు ఒప్పుకున్న కనీస మందం 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. రేకు మంటను ఆపగలదు. ఆపలేనివి మనం దానికి పెట్టే బెజ్జాలు. అందుకే ఎక్కువ సమయం వాటికే ఇవ్వండి.

వైర్ల కట్టకు రబ్బరు గ్రోమెట్టు (బెజ్జం అంచుకు వేసే వలయం) వేసి, దాని మీద ఎర్ర సిలికాన్ పూసి వదిలేయడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. ఆ సిలికాన్ రోజువారీ సెగకు బాగానే తట్టుకుంటుంది, మంట తగిలితే బూడిదై రాలిపోతుంది. ఆ బెజ్జం నేరుగా మీ మోకాళ్ళ వైపు చూస్తూ ఉంటుంది. సరైన పద్ధతి ఇది. 25 నుంచి 30 మి.మీ. వ్యాసం, 60 మి.మీ. పొడవు ఉన్న స్టెయిన్‌లెస్ గొట్టం ముక్కకు ఒక కొసన అంచు పళ్ళెం వెల్డు చేయించండి. పళ్ళెం కింద సీలెంట్ రాసి, మూడు స్టీలు స్క్రూలతో గొట్టం ఇంజను వైపు ఉండేలా బిగించండి. వైర్లు దూర్చాక మధ్య సందుల్లో సెరామిక్ ఫైబర్ కుక్కి, పైన సీలెంట్ మూత వేయండి. చివరగా గొట్టాన్నీ వైర్ల కట్టనూ కలిపి కప్పేలా ఫైర్‌స్లీవ్ తొడిగి, రెండు కొసలా క్లాంపు బిగించండి. సీలెంట్‌తో 3 మి.మీ. కంటే పెద్ద సందు పూడ్చాలని చూడకండి. అంతకంటే పెద్దదైతే ముందు లోహపు మాసిక వేయాలి.

పెట్రోలు గొట్టం దాటే చోట బల్క్‌హెడ్ ఫిట్టింగు (గోడకు రెండు వైపులా గొట్టాలను కలిపే జాయింటు) తప్పకుండా స్టీలుదే ఉండాలి. నీలం రంగు అల్యూమినియం ఫిట్టింగు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, మంటలో కరిగి ఆ మంటకే పెట్రోలు పోస్తుంది. కేబుళ్ళకు స్టీలు ఐబాల్ ఫిట్టింగులు (కేబుల్ ఒరిగినా సందు పడనివ్వని గుండ్రటి బిగింపులు) దొరుకుతాయి. క్యాబిన్ హీటు పెట్టె అల్యూమినియందైతే మార్చేయండి. ఆ పెట్టెకు వేడి గాలి తెచ్చే నారింజ రంగు స్కాట్ గొట్టం మంటలో నిలవదు, అది కాలిపోయాక ఆ పెట్టె తలుపే మీ ఫైర్‌వాల్. తలుపు మూసినప్పుడు పూర్తిగా ఆనుతోందో లేదో కాగితం ముక్క ఇరికించి లాగి చూడండి. ఏ వైపైనా కాగితం జారి వచ్చేస్తే తలుపు వంపు సరిచేయండి.

బెజ్జాలన్నీ అయ్యాక రాత్రిపూట షెడ్డు దీపాలు ఆర్పి, ఇంజను వైపు గట్టి టార్చి వెలిగించి, క్యాబిన్‌లో తల దూర్చి చూడండి. వెలుతురు చుక్క ఎక్కడ కనిపిస్తే అక్కడ కార్బన్ మోనాక్సైడ్ కూడా దూరుతుంది. పెడల్స్ వెనక, కింది రెండు మూలల్లో ప్రత్యేకంగా చూడండి.

ఇక దుప్పటి సంగతి. శబ్దం తగ్గాలనో, కాళ్ళకు వేడి తగలకూడదనో చాలామంది క్యాబిన్ వైపు ఫోమ్ అంటిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అవతల మంట లేచిందంటే నిమిషం తిరగకముందే ఆ పలచని స్టెయిన్‌లెస్ ఎర్రబడుతుంది. దాని వెనక అంటించిన ఫోము, జిగురు, తివాచీ, పెయింటు అన్నీ మీరున్న గదిలోనే పొగలు కక్కుతాయి. మంటకంటే ముందు ఆ పొగే పైలట్ చూపునూ ఊపిరినీ తీసేస్తుంది. పైగా వెనక ఫోము ఉన్నప్పుడు రేకుకు వేడి వదిలే దారి లేక ఇంకా ఎక్కువ కాగుతుంది. క్యాబిన్ వైపు ఉట్టి లోహమే ఉండనివ్వండి. దుప్పటి వేయాలంటే ఇంజను వైపే.

వేసే విధానం:

1. అట్టపెట్టె కోసి ఫైర్‌వాల్‌కు నమూనా చేసుకోండి. ఇంజను మౌంటు కాళ్ళు ఆనే చోట, బ్యాటరీ పెట్టె లాంటి బరువు మోసే బ్రాకెట్లు ఆనే చోట చుట్టూ 10 మి.మీ. వదిలి కత్తిరించండి. బోల్టు కింద మెత్తటి ఫైబర్ ఉంటే అది రోజురోజుకీ అణిగి బోల్టు బిగువు పోతుంది. మౌంటు ఎప్పుడూ లోహం మీదే కూర్చోవాలి.

2. చేతి తొడుగులు, పి100 మాస్కు పెట్టుకుని సెరామిక్ కాగితాన్ని పదునైన కత్తితో కోయండి. దీని నూగు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, క్యాన్సర్ కారకం కావచ్చని వర్గీకరించిన పదార్థమిది. తడిపి కోస్తే నూగు లేవదు. ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

3. ఫాయిల్‌ను నమూనా కంటే చుట్టూ 20 మి.మీ. ఎక్కువగా కోసి, అంచులు వెనక్కి మడిచి కాగితాన్ని లోపల పొదగండి. అన్ని పక్కలా మూసుకోవాలి. ఫాయిల్ అంచు బ్లేడుతో సమానం, తొడుగులు తీయకండి.

4. 150 నుంచి 200 మి.మీ.కు ఒకటి చొప్పున స్టీలు స్క్రూ, 25 మి.మీ. వెడల్పు వాషరు వేసి బిగించండి. కాగితం అణిగీ అణగనట్టుంటే చాలు, నలిగితే దాని సత్తా పోతుంది. స్క్రూ తల చుట్టూ, అంచుల వెంట, కోసిన బెజ్జాల చుట్టూ సీలెంట్ పూయండి.

నాలుగో అడుగులో బద్ధకిస్తే ఏమవుతుందో చెప్పాలి. తెరిచి ఉన్న అంచు నుంచి సెరామిక్ కాగితం ఆయిల్‌ను దీపం ఒత్తిలా పీల్చుకుంటుంది. రెండేళ్ళ తర్వాత మీ ఫైర్‌వాల్ మీద ఉండేది ఆయిల్‌లో నానిన ఒత్తి. అంచు మూయలేకపోతే దుప్పటి వేయకుండా ఉట్టి స్టెయిన్‌లెస్ వదిలేయడమే మేలు.

పైపు మీద కవచం

కార్బురేటర్‌కు ఎదురుగా ఉన్న 44 మి.మీ. పైపు ముక్కకు కవచం చేయాలనుకుందాం. అడ్డం పెట్టాల్సిన వస్తువు కంటే ప్రతి వైపూ 25 మి.మీ. ఎక్కువ ఉండేలా, సుమారు 150 × 90 మి.మీ. ముక్క కోయండి. 90 మి.మీ. వెడల్పు వంచాక పైపు చుట్టుకొలతలో సగం లోపే కప్పుతుంది, అంతే చాలు. చుట్టూ మూసేస్తే గాలి ఆడదు. మూలలు గుండ్రంగా కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేయండి. కత్తెర వదిలిన చిన్న గాటు దగ్గరే ఆ తర్వాత పగులు మొదలవుతుంది. ఏదైనా 60 నుంచి 65 మి.మీ. గొట్టం మీద వంచి పైపు వంపు కంటే కొంచెం పెద్ద వంపు తెప్పించండి.

ఇప్పుడు కాళ్ళు. 12 మి.మీ. వెడల్పు పట్టీలు నాలుగు తీసుకుని, ఒక్కోదాన్ని మెట్టులా రెండుసార్లు వంచండి. కవచం పైపుకు 8 నుంచి 10 మి.మీ. ఎత్తున నిలబడాలి. పట్టీ ఒక కొస కవచానికి స్పాట్ వెల్డు లేదా రెండు స్టెయిన్‌లెస్ రివెట్లతో, రెండో కొస పైపు మీద పడుకుని క్లాంపు కిందికి. అల్యూమినియం పాప్ రివెట్లు ఇక్కడ మొదటి ఫ్లయిటులోనే మెత్తబడతాయి. ఒక్కో కొసన ఒక్కో క్లాంపు వేసి బిగించండి. క్లాంపు స్క్రూ తల గొట్టాలకు, వైర్లకు దూరంగా తిరగాలి. స్లిప్ జాయింటు (ఒక పైపు ఇంకో పైపులో జారే అతుకు) మీద గానీ వెల్డు అతుకు మీద గానీ క్లాంపు వేయకండి. స్లిప్ జాయింటు కదలాలి, వెల్డు కంటికి కనబడాలి.

పైపు మొదటిసారి వేడెక్కి చల్లారాక క్లాంపులు వదులవుతాయి. మొదటి గ్రౌండ్ రన్ తర్వాత, మళ్ళీ 5 గంటలకు, 25 గంటలకు బిగించండి. చేత్తో ఊపినప్పుడు కవచం టకటకమంటే అది ఇప్పటికే పైపును అరగదీస్తోంది.

స్టెయిన్‌లెస్సే ఎందుకంటే, అది అల్యూమినియం పట్టే వేడిలో పదో వంతే పక్కకు పంపుతుంది. కాళ్ళ గుండా కవచానికి ఎక్కేది తక్కువే. పైపులాగే మసకబారిన రేకు ఒకటి అడ్డం పెట్టినా సెగ సగానికి తగ్గుతుంది, మెరిసే రేకైతే ఇంకా తగ్గుతుంది. ఆయిల్ మసి పట్టిన కవచాన్ని ప్రతి తనిఖీలో తుడిచి మెరుగు పెట్టడం అందుకే.

పైపుకు గుడ్డ టేపు చుట్టే పద్ధతి మోటారు సైకిళ్ళ నుంచి వచ్చింది. విమానంలో వద్దు. టేపు కింద పైపు తన వేడిని వదల్లేక ఇంకా మండుతుంది, వానకాలం తేమను పట్టి ఉంచుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పగులు వస్తే మీకు కనబడనివ్వదు. కవచం కింద పైపు గాలికి చల్లబడుతూనే ఉంటుంది, అద్దం పెట్టి చూస్తే కనిపిస్తూనే ఉంటుంది.

పెట్రోలు, ఆయిల్ గొట్టాలు

ఇంజను గదిలో పెట్రోలు, ఆయిల్ మోసే ప్రతి గొట్టానికీ ఫైర్‌స్లీవ్ ఉండాలి. స్లీవ్‌ను గొట్టం కంటే 25 మి.మీ. పొడవుగా కోయండి, ఫిట్టింగు మెడ కూడా కప్పుకోవాలి. రెండో ఫిట్టింగు వేయకముందే ఎక్కించాలి, తర్వాత ఎక్కదు. లోపల ఉన్నది గాజు నార. కోసిన కొస నుంచి అది కూడా ఆయిల్ పీల్చుకుంటుంది. కొసలను స్లీవ్‌తోపాటు అమ్మే సిలికాన్ ద్రవంలో ముంచి ఆరబెట్టి, స్టెయిన్‌లెస్ పట్టీతో బిగించండి. ప్లాస్టిక్ జిప్ టైలతో కట్టిన స్లీవ్ మంటలో మొదటి క్షణమే జారిపోతుంది.

స్లీవ్ సెగను ఆలస్యం చేస్తుంది, ఆపదు. లోపల పెట్రోలు పారుతున్నంతసేపు ఆ ప్రవాహమే గొట్టాన్ని చల్లబరుస్తుంది. ఇంజను ఆపాక పెట్రోలు పారడం ఆగుతుంది, గాలీ ఆగుతుంది, సిలిండర్ల వేడి మొత్తం పైకి లేచి కౌలింగ్ కింద పేరుకుంటుంది. కౌలింగ్ లోపల గరిష్ఠ వేడి చాలాసార్లు ఇంజను ఆపిన 15-20 నిమిషాలకు వస్తుంది. పెట్రోలు పోయించుకుని మళ్ళీ ఎక్కేసరికి ఇంజను దగ్గుతూ మొరాయించేది ఇందుకే. కారు పెట్రోలు ఆవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) కంటే తేలిగ్గా ఆవిరవుతుంది గనక, దాన్ని వాడేవారికి ఈ బాధ ఎక్కువ. గాస్కొలేటర్‌కు చిన్న అల్యూమినియం డొప్ప చేసి, వెనక బాఫిల్ (సిలిండర్ల మీదికి గాలిని మళ్ళించే రేకు) నుంచి 16 నుంచి 25 మి.మీ. గొట్టంతో చల్లగాలి ఇవ్వండి. పెట్రోలు పంపుకూ అలాంటి తొడుగే. ఇక్కడ అల్యూమినియం చాలు, ఇది సెగ పని. దిగాక ఆయిల్ మూత తలుపు తెరిచి ఉంచితే పేరుకున్న వేడి బయటికి పోతుంది.

కేబుళ్ళను మరచిపోతుంటారు. థ్రాటిల్, మిక్చర్ కేబుళ్ళ లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఒక మలుపు దగ్గర అది మెత్తబడితే కేబుల్ ముందు బరువెక్కుతుంది, తర్వాత పట్టేస్తుంది. పైపుకు దగ్గరగా పోవాల్సి వస్తే పైపు మీద కవచం, కేబుల్ మీద ఒక అడుగు ఫైర్‌స్లీవ్, రెండూ వేయండి. నైలాన్ టైలు 85 డిగ్రీలకు మించి పనికిరావు. ఎగ్జాస్ట్ వైపు గొట్టాలను, వైర్లను కుషన్ ఉన్న లోహపు అడెల్ క్లాంపులతోనే పట్టి ఉంచండి.

కౌలింగ్ లోపలి వైపు

గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 60 నుంచి 80 డిగ్రీల మధ్య మెత్తబడడం మొదలుపెడతాయి. ఓవెన్‌లో కాల్చిన కిట్ కౌలింగ్ ఇంకొంచెం తట్టుకుంటుంది గానీ, మీరు షెడ్డులో వేసిన మాసికలు, ఉబ్బెత్తులు తట్టుకోవు. ముదురు రంగు కౌలింగ్ ఎండలో నిలబడితేనే సగం దూరం వెళ్ళిపోతుంది, దాని మీద ఇంజను వేడి.

రేకు అంటించే ముందు లోపలి వైపు పలచగా ఎపాక్సీ పూసి, గాజు నేత కళ్ళు మూసి, 220 నంబరు కాగితంతో రుద్ది, ఆల్కహాల్‌తో తుడవండి. ఈ పూత మానేస్తే ఆయిల్ నేతలోకి ఇంకి జిగురు వెనక నుంచి వదిలేస్తుంది. ఊడిన రేకు గాలి బయటికి పోయే దారికి అడ్డం పడితే, ఇంజను వేడెక్కడానికి కారణం ఎక్కడుందో వెతుక్కుంటూ ఎంతో సమయం పోతుంది. పైపు నీడ పడే చోటు నుంచి చుట్టూ 75 మి.మీ. ఎక్కువ కప్పండి. మధ్య నుంచి బయటికి చెక్క బెత్తంతో నొక్కండి, బుడగ మిగిలితే సూదితో పొడిచి గాలి తీయండి. అంచులకు పలచని ఎపాక్సీ గీత వేయండి.

పైపులు బయటికి వచ్చే చోట ఈ రేకు చాలదు. అక్కడ 0.4 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకును 6 మి.మీ. స్టీలు స్పేసర్ల మీద నిలబెట్టండి. దాని వెనక, క్యాబిన్ నేల కిందా అంతే. పైపుల కొసలు నేల కింద ముగిసే నమూనాల్లో, కొస నుంచి వెనక్కి 300 నుంచి 400 మి.మీ. దాకా విమానం పొట్ట బయటి పొర మీద 3 మి.మీ. సెరామిక్ కాగితం, పైన స్టెయిన్‌లెస్ రేకు వేస్తే పాదాల కింద వేడి స్పష్టంగా తగ్గుతుంది. రేకు ముందు అంచును ఫైర్‌వాల్ కింది అంచు లోపలికి దూర్చండి. తెరిచి వదిలితే గాలి దాన్ని వలుస్తుంది.

రోటాక్స్ 912 అయితే

కార్బురేటర్లు పైన, ఎగ్జాస్ట్ కింద ఉంటాయి. కార్బురేటర్ పొంగి పెట్రోలు కారితే నేరుగా పైపు మీద పడుతుంది, కాబట్టి కింద చిప్పలు, వాటి నుంచి కౌలింగ్ బయటికి డ్రెయిన్ గొట్టాలు తప్పనిసరి. ఇగ్నిషన్ మాడ్యూళ్ళకు, రెగ్యులేటర్‌కు పరిమితి 80 డిగ్రీలే. రెగ్యులేటర్‌ను ఫైర్‌వాల్ మీద చల్లగాలి తగిలే చోట పెట్టండి, మఫ్లర్‌కు ఎదురుగా వద్దు. కూలెంట్ గొట్టాలు పైపులను దాటే చోట కవచం పైపు మీదే వేయాలి.

కొలిచి చూసుకోవడం

కౌలింగ్ మూసే ముందు స్టిక్కర్లు అంటించండి: గాస్కొలేటర్, పెట్రోలు పంపు, మాగ్నెటో (స్పార్కు ప్లగ్గులకు కరెంటు ఇచ్చేది), కార్బురేటర్ గిన్నె, కౌలింగ్ లోపల పైపులకు ఎదురుగా రెండు చోట్ల, ఫైర్‌వాల్ క్యాబిన్ వైపు ఒకటి, వోల్టేజ్ రెగ్యులేటర్ మీద ఒకటి. గ్రౌండ్ రన్ తర్వాత ఒకసారి, మొదటి ఫ్లయిటు తర్వాత దిగి అరగంట ఆగి ఒకసారి చూడండి. దిగగానే చూసిన అంకె అబద్ధం చెబుతుంది, అసలు వేడి ఆ తర్వాతే ఎక్కుతుంది.

ఆ రోజు గాలి ఉష్ణోగ్రత పక్కనే రాసుకోండి. 20 డిగ్రీల రోజున గాస్కొలేటర్ 55 చూపిస్తే, 45 డిగ్రీల రోజున దాదాపు 80 అనుకోవాలి. మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో ఉండే గాలి అది. ఫీనిక్స్ చుట్టుపక్కల షెడ్లలో విమానాలు కడుతున్న మనవాళ్ళకూ వేసవంతా అదే గాలి. చలికాలంలో మొదటి ఫ్లయిటు చేసిన విమానాన్ని ఆ అంకెలతో నమ్మకండి, వేసవి రాగానే కొత్త స్టిక్కర్లు అంటించి మళ్ళీ చూడండి.

స్టెయిన్‌లెస్ రేకు రంగు కూడా ఒక థర్మామీటరే. గాలిలో కాగిన 304 రేకు 290 దగ్గర లేత పసుపు, 340 దగ్గర గడ్డి రంగు, 390 దగ్గర గోధుమ, 450 దగ్గర ముదురు ఊదా, 540 దగ్గర నీలం తేలుతుంది. కవచం వెలుపలి వైపు లేత పసుపుతో ఆగితే సందు చాలినట్టే. నీలం కనిపిస్తే కాళ్ళు అణిగి రేకు పైపుకు తగులుతోందేమో, లేక లోపల పైపు పగిలి వాయువు నేరుగా కొడుతోందేమో విప్పి చూడాల్సిందే. పగులు దగ్గర తెల్లటి లేదా బూడిద రంగు పొడి చార ఉంటుంది. ఆవ్‌గ్యాస్ వాడే ఇంజనుల్లో అది సీసం తాలూకు గుర్తు.

ప్రతి 25 గంటలకు కౌలింగ్ విప్పినప్పుడు కవచాల క్లాంపులు వదులు చేసి, రేకు పక్కకు జరిపి, కింద ఉన్న పైపును టార్చి, అద్దంతో చూడండి. క్లాంపు పట్టీ కూర్చున్న చోట గాడి పడిందేమో వేలి గోరుతో తడమండి. గోరు ఆగితే ఆ పైపును వెల్డరు దగ్గరికి తీసుకెళ్ళండి, క్లాంపును 10 మి.మీ. పక్కకు జరిపి వేయండి.